చూరు

చూరు పట్టుకు వేలాడటం అని మన భాషలో ఒక మాట ఉంది. పొమ్మన్నా పోకుండా, సిగ్గూ లజ్జా లేకుండా అంటిపెట్టుకుని ఉండేవాణ్ణి ఆ మాట అంటారు. 1994లో నాకు సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. చేరిన ఏడాదే స్టాఫ్‌ రూములో ఒక పెద్దమనిషి నాకేసి చూడకుండా, నాకు వినపడేట్టు అన్నాడు. "స్వతంత్రం వచ్చి యాభై ఏళ్ళు కావస్తంది. ఇంకా ఎన్నాళ్ళండీ ఈ రిజర్వేషన్ల చూరు పట్టుకు వేలాడటం?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. జవాబు లేక కాదు. జవాబు చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి. చెప్తే గొంతు పూడుకుపోతుందని భయం. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా ఇప్పుడు చెప్తున్నాను.

మా నాయన నిజంగానే చూరు పట్టుకు వేలాడాడు. అది వాళ్ళ చూరు. దానికి రంగేసింది మా నాయన.

మాది రేపల్లె దగ్గర ఒక ఊరు. అప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారింది గానీ పల్లె ఉన్న దిక్కు మారలేదు. మాలపల్లెలో మా ఇల్లు తాటాకు ఇల్లు. దాని చూరు ఎంత కిందికి ఉండేదంటే, పొట్టిది మా అమ్మ కూడా నడుం వంచితే గానీ లోపలికి పోలేదు. మా తలలు వంగటం అక్కణ్ణుంచే మొదలు. రెండు మూడేళ్ళకోసారి ఆకు కుళ్ళిపోతే తీసి కొత్తాకు కప్పుకునేవాళ్ళం. తాటి వాసాలకు రంగెవరు వేస్తారు? 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి మా పల్లెలో ఒక్క చూరు మిగల్లేదు. తెల్లారి చూస్తే ఎవరి ఇల్లు ఎక్కడుండేదో ఎవరికీ తెలవలా.

ఊళ్ళో పెద్దింటి ఆసామిది మండువా లోగిలి. రంగూను టేకు వాసాలు, మంగుళూరు పెంకు. వాసాల కొసలన్నిటినీ కలుపుతూ ఇంటి చుట్టూ పొడుగాటి చెక్క కొట్టి ఉండేది. దాని కింది అంచు ఆకులాకులుగా కోసి ఉంటుంది. అదే చూరు చెక్క. వాన నీళ్ళు వాసాల కొసల్లోకి పోకుండా కాసేది అదే. ఇంటికి అందం తెచ్చేదీ అదే. వీధిలోంచి చూస్తే ముందు కనపడేది కూడా అదే. అందుకని మూడేళ్ళకోసారి దానికి రంగు పడాల్సిందే. ఆ రంగు వేసేది మా నాయన.

ఇంకో చూరు సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంటి గొడ్లచావిడికి తాటాకు కప్పు. ఆ చూరులో ఒక రేకు గ్లాసు గుచ్చి ఉండేది. అది మా గ్లాసు. పల్లెలో ఎవరు పనికిపోయినా దాన్ని తీసుకుని, కడుక్కుని, కింద పెట్టి దూరం జరిగితే, పైనుంచి మజ్జిగో గంజో పోసేవాళ్ళు. తాగి, మళ్ళీ కడిగి, మళ్ళీ చూర్లో గుచ్చాలి. ఆ గ్లాసు కనపడకపోతే దోసిలి పట్టాలి. అంత పెద్ద ఇంట్లో మాకంటూ ఉన్న చోటు ఆ చూరే. అందుకే ఎవరన్నా చూరు పట్టుకు వేలాడుతున్నారంటే నాకు ఆ రేకు గ్లాసు గుర్తొస్తది.

మా నాయన పాలేరుతనం వదిలి తెనాలిలో ఒక సాయిబు మేస్త్రి దగ్గర రంగుపని నేర్చుకున్నాడు. ఆ మేస్త్రి తన కంచంలో పక్కన కూచోబెట్టుకుని అన్నం పెట్టాడని చచ్చేదాకా చెప్పుకున్నాడు. పని బాగా నేర్పాడని ఆ తర్వాత చెప్పేవాడు. ముందు అన్నం, తర్వాతే పని.

రంగుపనంటే డబ్బా మూత తీసి కుంచె ముంచటం అనుకుంటారు చదువుకున్నవాళ్ళు. నేను నాయన వెంట పోయినవాణ్ణి కనుక చెప్తున్నా. రంగుపనిలో మూడొంతులు రంగు వెయ్యకముందు చేసే పనే. పొక్కులు లేచిన పాత రంగు లప్పం పట్టీతో గీకాలి. మొండికేస్తే కాస్టిక్‌ సోడా నీళ్ళు పూసి, చేతులు బొబ్బలెక్కేదాకా తోమి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. బంక కారే కణుపులుంటే స్పిరిట్లో కరిగించిన లక్క పుయ్యాలి. లేకపోతే ఎండకు బంక పైకి తన్ని రంగు మచ్చలు తేలుతుంది. ఆ తర్వాత ప్రైమరు. ప్రైమరు ఆరాక సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికిన లప్పంతో పగుళ్ళు పూడ్చాలి. లప్పం ఎండాక గరుకు కాయితంతో రుద్దాలి. అప్పుడు రంగు. ఒక పూత, ఒక రోజు ఆరబెట్టి ఇంకో పూత.

నాయనకు కొన్ని లెక్కలుండేవి. మంచు ఆరందే కుంచె పట్టడు. మండే ఎండలో వెయ్యడు. ఎండ పడే చెక్కకు వేస్తే పైపొర ముందే ఆరి కింద బొబ్బ లేస్తుంది. అందుకని పొద్దున పడమటి చూరు, మధ్యాహ్నం తూర్పు చూరు, నీడ ఎటుపోతే అటు. వాసం కొసకు మిగతా చెక్క కంటే ఒక పూత ఎక్కువ. "చెక్క నోరు అక్కడుందిరా. నీళ్ళు అక్కడే తాగుద్ది. కుళ్ళేది అక్కణ్ణుంచే" అనేవాడు. ఇంకొకటి. చూరు చెక్కకు ముందువైపే గాక పై అంచుకు, వెనకవైపుకు కూడా రంగేసేవాడు. పెంకుల కింద ఉండే ఆ అంచు ఎవరికీ కనపడదు. దానికి కూలి అడగటం కూడా కుదరదు. ఎందుకు నాయనా అంటే, "ఆసామి చూసేది ముందువైపు. వాన చూసేది వెనకవైపు" అన్నాడు. చదువురాని మనిషి. నాకు తెలిసిన మొదటి సైన్సు మేష్టారు ఆయనే.

అట్లాంటి పనివాణ్ణి ఆ ఇంట్లో ఎట్లా పిలిచేవాళ్ళో తెలుసా? పదేళ్ళ పిల్లగాడు కూడా "ఏరా" అనేవాడు. మా నాయన వాడికి "అయ్యా, చిన్నదొరా" అని బదులు పలికేవాడు. వాడి ఈడువాణ్ణి నేను, కింద డబ్బా పట్టుకుని వినేవాణ్ణి.

1984లో నేను పదో తరగతి పరీక్షలు రాశాను. ఆ ఎండాకాలం ఆసామి కూతురి పెళ్ళి. చూరంతా కొత్తగా ఆకుపచ్చ రంగు వెయ్యాలన్నారు. నాయనకు రోజుకు 18 రూపాయలు, నాకు 6. బయటి చూరు నాలుగు వైపులా వారం పట్టింది. ఇక లోపలి చూరు మిగిలింది. మండువా ఇల్లు చూసినవాళ్ళకు తెలుసు. నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి. చుట్టూ నాలుగు వసారాల కప్పులు దానిలోకి వాలి ఉంటాయి. ఆ చూరు చెక్క వాకిట్లోకి తిరిగి ఉంటుంది. వీధి గుమ్మంలోంచి పోతే పది అడుగుల దూరం. కింద నిచ్చెన వేసుకుంటే ఒకటిన్నర రోజు పని.

ఆ పది అడుగులు మాకు లేవు.

ప్రతిసారీ నాయన ఏం చేసేవాడంటే, బయట నిచ్చెన వేసుకుని కప్పెక్కి, పెంకుల మీద నడిచి, వెన్నుదూలం దాటి, అవతలి వాలుమీద తలకిందులుగా బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాపి చూరు చెక్కకు రంగేసేవాడు. నడుముకు మోకు. ఆ మోకు కప్పు మీదుగా ఇవతలికి వచ్చి పెరట్లో కొబ్బరిచెట్టుకు ఒక చుట్టు. దాని కొస పట్టుకునేది నేను. నాయన నాకు కనపడడు. "వదులు" అంటే వదలాలి, "బిగించు" అంటే బిగించాలి. మోకు కదలికను బట్టి మా నాయన బతికున్నాడని నాకు తెలియాలి.

ఆ ఏడు ఆ ఇంటి ముసలమ్మ ఒక మాట అంది. గోడ ఇవతల నాకు వినపడింది. "లోపలికి రమ్మనరా. ఈ ఎండకి కాలుజారి చస్తాడు." ఆసామి అన్నాడు, "పందిరి రాట వేశాక ఇంట్లోకి ఎట్టా రమ్మంటామే? నువ్వు లోపలికి పో." ఆ ముసలమ్మ మంచిదా చెడ్డదా నాకు తెలియదు. ఆ గ్లాసులో మజ్జిగ పైనుంచి పోసేది కూడా ఆమే. ఒకే చెయ్యి రెండు పనులూ చేసింది. కులం అట్లాగే పనిచేస్తది. చెడ్డవాళ్ళతోనే కాదు, జాలిగుండె ఉన్నవాళ్ళతో కూడా చేయించుకుంటది.

రెండోరోజు మధ్యాహ్నం ఒక పెంకు జారింది. దానివెంట ఇంకొకటి. నా చేతుల్లో మోకు ఒక్కసారిగా పరిగెత్తింది. అరచేతుల్లో తోలు లేచిపోయింది. చెట్టు చుట్టు లేకపోతే నేను ఆపేవాణ్ణి కాదు. అవతల పెంకులు పగిలిన చప్పుడు. ఆ తర్వాత చప్పుడు లేదు. "నాయనా" అని అరిచాను. పలకలేదు. గుమ్మం వైపు పరిగెత్తబోయాను. మోకు వదిలితే పడిపోతాడు. పట్టుకుంటే చూడలేను. అట్లా ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. అవతలినుంచి ఆసామి గొంతు, "ఎన్ని పగిలినయిరా?" ఆ తర్వాత మా నాయన గొంతు, "నాలుగు, దొరా."

రెండు చేతుల్తో పచ్చిరంగు చూరు పట్టుకుని, కాళ్ళు వాకిట్లోకి వేలాడేసి ఉన్నాడంట. కిందికి దూకితే వాకిట్లో పడతాడు. వాకిట్లో పడితే పెళ్ళిల్లు మైలపడుతుంది. అందుకని దూకలేదు. మోకు బిగించమని నాకు చెప్పి, మళ్ళీ పైకి పాకాడు. సాయంత్రం లెక్క చూసినప్పుడు నాలుగు పెంకుల డబ్బులు కూలిలో కోసుకున్నారు. చేతి అచ్చులు పడ్డచోట మర్నాడు ఇంకో పూత వేశాం.

ఇదీ చూరు పట్టుకు వేలాడటమంటే. స్టాఫ్‌ రూములో నేను చెప్పాల్సింది ఇదీ.

మరుసటేడు నేను తెనాలిలో ఇంటర్మీడియెట్‌ చదువుతున్నాను. 1985 జులై 17న కారంచేడు జరిగింది. తాగే నీళ్ళ చెరువు దగ్గర గొడ్లను కడిగి మురికి చేస్తుంటే వద్దన్నందుకు మొదలైన తగాదా, మాదిగపల్లె మీద దాడిగా మారి ఆరుగురి ప్రాణాలు తీసింది. ఊరొదిలి చీరాల చేరినవాళ్ళ శిబిరానికి సీనియర్లతో కలిసి మూటెడు బియ్యం తీసుకుని నేనూ పోయాను. అక్కడ మొదటిసారి విన్నాను, మనవాళ్ళు మైకులో "మేము రాము" అనటం. ఆ ఊరికి మళ్ళీ కూలికి పోమని చెప్తున్నారు. సెలవులకు ఇంటికొచ్చి అంతా నాయనకు చెప్పాను. బీడీ కాల్చుకుంటూ విన్నాడు. ఏమీ అనలేదు. ఈయనకేం ఎక్కదులే అనుకున్నాను. చదువుకున్న కొడుకులందరికీ ఉండే జబ్బే అది.

1987లో మళ్ళీ రంగు వెయ్యాల్సిన ఏడు వచ్చింది. కబురొచ్చింది. నాయన పోయాడు. బయటి చూరు మొత్తం వేశాడు, వెనకవైపుతో సహా. లోపలి చూరు దగ్గర ఆగాడు.

"పెంకులు పగుల్తయ్యి దొరా. గుమ్మంలోంచి రమ్మంటే వస్తా."

అంతే అన్నాడు. అరవలేదు. నినాదం ఇవ్వలేదు. పెంకుల మీద పెట్టి చెప్పాడు. ఆసామి నమ్మలేక మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే మాట. వారం రోజులు లోపలి చూరు అట్లాగే ఉంది. చివరికి గుంటూరునుంచి వేరే వాళ్ళను పిలిపించుకున్నారు. వాళ్ళు గుమ్మంలోంచి పోయారు. మా నాయనకు ఆ ఊళ్ళో పని ఆగిపోయింది. ఒక్క పెద్దింట్లోనే కాదు, దాన్ని చూసి మిగతా ఇళ్ళల్లో కూడా. మా అమ్మ రెండు నెలలు దెబ్బలాడింది. తర్వాత తెనాలి పోయి మిల్లులకు, సినిమా హాళ్ళకు రంగులేసి మమ్మల్ని చదివించాడు. ఆయన కారంచేడు పేరు ఎత్తగా నేనెప్పుడూ వినలేదు. కానీ ఆ ఎండాకాలం ఆ గుమ్మం ముందు ఆయన చేసింది చీరాల మైకులో విన్నదే.

1991 ఆగస్టు 6న చుండూరు జరిగినప్పుడు నాయన తెనాలిలోనే పనిలో ఉన్నాడు. ఎనిమిది మందిని చంపి కాలవల్లో వేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అది చూడటానికి ఆయన లేడు. 1996లోనే పోయాడు.

ఎట్లా పోయాడన్నది నాకు ఇంకో కథ. ఏళ్ళ తరబడి కడుపునొప్పి అనేవాడు. మెలిపెట్టే నొప్పి. గ్యాసు అన్నారు, పుండు అన్నారు, ఎవరో చేతబడి అన్నారు. చివరి రోజుల్లో కుడిచెయ్యి మణికట్టు కాడ వాలిపోయేది. కుంచె పట్టుకుంటే జారిపోయేది. తాగుడు వల్లనన్నారు. మా నాయన తాగడు. ఆయన రక్తం ఎవరూ పరీక్ష చెయ్యలేదు కనుక ఇదే కారణమని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ పిల్లలకు సీసం గురించి పాఠం చెప్పటానికి పుస్తకాలు తిరగేస్తుంటే ఒకరోజు నా చేతులు వణికాయి. సీసం ఒంట్లో చేరితే కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది. మలబద్ధకం వస్తుంది. ఏళ్ళు గడిస్తే మణికట్టు వాలిపోతుంది. చిన్నపిల్లల్లో అయితే మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది.

మా నాయన వేసిన ఆ ఆకుపచ్చ రంగు ఏమిటి? క్రోమ్‌ పసుపు, ప్రష్యన్‌ నీలం కలిస్తే వచ్చే పచ్చ. క్రోమ్‌ పసుపు అంటే సీసపు క్రోమేటు. ఎర్ర ప్రైమర్లలో ఎర్ర సీసం వాడేవాళ్ళు. తెలుపులో తెల్ల సీసం. గరుకు కాయితంతో పొడిగా రుద్దినప్పుడు లేచిన ధూళి ఆయన మీసాల మీద పచ్చగా ఉండేది. అట్లాగే మమ్మల్ని ఎత్తుకునేవాడు. కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని అన్నం తినేవాడు. అమ్మ ఆ బట్టలు మా బట్టలతో కలిపి ఉతికేది. తెల్ల సీసం రంగు పనివాళ్ళను చంపుతుందని తెలిసి, ఇళ్ళ లోపలి రంగుపనిలో దాని వాడకాన్ని అదుపు చేస్తూ అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది 1921లో. అప్పటికి మా నాయన పుట్టనే లేదు. అమెరికాలో ఇళ్ళకు వేసే సీసపు రంగుల్ని 1978లో నిషేధించారు. మన దేశంలో 2016లో నిబంధనలు వచ్చాయి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటకూడదని. అవి అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. మా నాయన పోయిన ఇరవై ఒక్క ఏళ్ళకు.

సరే, చట్టం వచ్చింది గదా అంటారు. చట్టం కొత్త డబ్బాకు వచ్చింది. పాత చూరుకు ఏ చట్టం ఉంది? పాత చూరు గీకేది ఎవరు?

2024 ఎండాకాలం ఊరికి పోయాను. పెద్దింటి ముసలాసామి పోయాడు. మనవడు హైదరాబాదులో ఉంటాడు. పాత లోగిలిని పాతగానే నిలబెట్టాలని బాగు చేయిస్తున్నాడు. చూరు దగ్గర మా పల్లె పిల్లలు ఇద్దరు, వరసకు నాకు కొడుకులు, కరెంటు మిషనుతో పాత రంగు రుద్దేస్తున్నారు. పైన బ్రౌను, దాని కింద నీలం, దాని కింద ఆకుపచ్చ. వాళ్ళ జుట్టు, కనురెప్పలు పచ్చగా ఉన్నాయి. నాకు కాళ్ళల్లో వణుకొచ్చింది. అది నేను ఎరిగిన పచ్చ.

మిషను ఆపమన్నాను. మూతికి గుడ్డన్నా కట్టుకోండిరా అంటే ఒకడు నవ్వాడు. "కరోనా పోయిందిగా పెదనాయనా." కిందికి దించి, కూచోబెట్టి చెప్పాను. పొడిగా రుద్దవద్దు. నీళ్ళు చల్లి, తడిమీద గీకండి. మంటపెట్టి కాల్చవద్దు, సీసం పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కింద పట్టా పరిచి పెచ్చులన్నీ దానిమీద పడేట్టు చూడండి. గొడ్లు నాకకూడదు, బావిలో పడకూడదు. సబ్బుతో కడుక్కోకుండా తిండి ముట్టొద్దు. ఇంటికి పోయాక బట్టలు మార్చుకునిగానీ పిల్లల్ని ఎత్తుకోవద్దు. రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష ఉంది, చేయించుకోండి. తడిపి గీకితే రెండు రోజులు ఎక్కువ పడుతుంది. ఆ రెండు రోజుల కూలి ఎవరివ్వాలని మనవడితో నేనే మాట్లాడాను. ఆయన కాసేపు లెక్కేసుకుని, "మీ నాన్నగారు ఇట్లాంటివేం అడగలేదంట గదా మాస్టారూ" అన్నాడు.

"ఒకటడిగాడండీ. మీ తాతగారు ఇవ్వలేదు" అన్నాను.

ఏమడిగాడని ఆయన అడగలేదు. రెండు రోజుల కూలి మాత్రం ఒప్పుకున్నాడు. లోపలికి రండి, కాఫీ తాగండి అన్నాడు. గుమ్మం దాటి మండువాలోకి పోయాను. యాభై ఆరేళ్ళ వయసులో ఆ లోపలి చూరును మొదటిసారి కింద నిలబడి చూశాను. పెద్ద ఎత్తేం కాదు. మామూలు మనిషి స్టూలు వేసుకుంటే అందుతుంది. ఆ స్టూలు కోసమా మా నాయన తలకిందులుగా పడుకుంది?

నాకు కాఫీ పింగాణీ కప్పులో ఇచ్చారు. బయట పిల్లలకు టీ కాగితం గ్లాసుల్లో పంపారు. కాగితం గ్లాసు వచ్చాక చూర్లో గ్లాసు గుచ్చాల్సిన పని లేకుండా పోయింది. తాగి పారేస్తారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అననక్కర్లేదు. నా కప్పు నా ఉద్యోగానికి ఇచ్చిందని నాకు తెలుసు. ఆ పిల్లల చేతికి కప్పు వచ్చే రోజు ఇంకా రాలేదు. చదువుకుని బయటపడ్డ మనలాంటివాళ్ళం మన కప్పు చూసుకుని పల్లె మొత్తానికి కప్పు వచ్చిందనుకుంటాం. అనుకోకూడదు.

ఈ పుస్తకం చదివే విద్యార్థులకు, సంఘాల్లో తిరిగే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. మన పల్లెల్లో రంగుపని చేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి. వాళ్ళ కడుపునొప్పుల గురించి అడగండి. చేతులు చాపమని మణికట్లు చూడండి. అంటరానితనం మంచినీళ్ళ బావి దగ్గరే లేదు. ఎవడి ఊపిరితిత్తుల్లోకి ఏ ధూళి పోవాలో కూడా అదే పంచిపెడుతుంది.

సాయంత్రం పిల్లలు లోపలి చూరు పని మొదలెట్టటానికి నిచ్చెన భుజాన వేసుకుని గుమ్మంలోంచి నడిచిపోయారు. నేను అట్లాగే చూస్తుంటే చిన్నవాడు వెనక్కి తిరిగి, "ఏంది పెదనాయనా, అట్టా చూస్తన్నావు?" అన్నాడు.

"గుమ్మంలోంచి పోతన్నారు గదరా."

"గుమ్మంలోంచి గాక ఇంకెట్టా పోతారు?"

వాడికి నిజంగానే తెలియదు. ఆ రాత్రి పల్లెలో మా తమ్ముడి అరుగుమీద కూచుని వాళ్ళిద్దరికీ చెప్పాను. మోకు సంగతి, నాలుగు పెంకుల సంగతి, 1987లో మా నాయన అన్న మాట. చిన్నవాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "తాత అడిగితే మేం పోతన్నామన్నమాట" అన్నాడు.

వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాశాను.